చెరిగిన ఊరి పేరు

వాసంతి ఆ గోడౌన్ గేటు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, తిరిగిపోదామనుకుంది. అద్దాల గదిలో బల్ల వెనక కూర్చున్నది లియెన్. జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది, కళ్ళజోడు పెట్టింది, కాస్త ఒళ్ళు చేసింది. అయినా లియెనే. మూడేళ్ళ కిందట ఇద్దరూ ఒకే గదిలో రెండంతస్తుల మంచం మీద పడుకున్నవాళ్ళు. పైన లియెన్, కింద వాసంతి.

అల్ వర్సాన్‌లో ఒక దీపాల గోడౌన్‌కి వంటమనిషి కావాలని ఎవరో ఫోన్‌కి మెసేజ్ పెడితే వచ్చింది వాసంతి. ఆమె వండిపెడుతున్న రెండు కుటుంబాలూ ఒకే నెలలో దుబాయ్ వదిలి వెళ్ళిపోయాయి. పని కావాలి. కానీ ఈ మనిషి ఉన్న చోట పని అడగడానికి మొహం చెల్లలేదు. వెనక్కి తిరగబోతుంటే లియెన్ తలెత్తి చూసింది.

"వాసంతీ," అంది, నిన్న సాయంత్రమే విడిపోయినట్టు. "ఎండలో నిలబడ్డావేంటి? లోపలికి రా. టీ తాగు."

వాళ్ళిద్దరి మధ్యా నడిచేది పరాయి గదుల్లో పట్టుబడ్డ హిందీ. మాట దొరక్కపోతే ఇంగ్లీషో అరబ్బీయో ఒక ముక్క అతికించేవారు. ఇద్దరిదీ కాని ఆ భాషలోనే ఒకప్పుడు ఏడ్చుకున్నారు, నవ్వుకున్నారు.

ఆ సాయంత్రానికే పని ఖాయమైంది. పద్దెనిమిది మంది పనివాళ్ళకు రెండు పూటలా వంట, గోడౌన్ యజమానికి వేరుగా గంజి. యజమాని పేరు తాన్. చైనా మనిషి, డెబ్భై దాటినవాడు. అందరూ ముదీర్ అంటారు, అరబ్బీలో మేనేజరు అని. లియెన్ ఆయనకు ఏం చెప్పిందో తెలీదు, ఆయన వాసంతిని ఎగాదిగా చూసి తలాడించాడు.

లియెన్ పాత సంగతి ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. వారం గడిచినా ఎత్తలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది వాసంతికి. తిట్టకపోయేసరికి ఆమెకు ఒకచోట కాలు నిలవడం మానేసింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే నాలుగుసార్లు గుమ్మం దాకా వెళ్ళి అద్దాల గది వైపు చూసి వచ్చేది.

పాత సంగతి ఇది. 2020 మార్చిలో వాళ్ళుండేది ఇంటర్నేషనల్ సిటీలో. అక్కడి బిల్డింగుల గుంపులకు దేశాల పేర్లుంటాయి. వీళ్ళ గది చైనా క్లస్టర్‌లో. ఆరుగురు ఆడవాళ్ళు. గది పెత్తనం మెట్‌పల్లి నుంచి వచ్చిన సర్వర్ బేగంది. లియెన్ గోళ్ళకు రంగులేసే సెలూన్‌లో పనిచేసేది. కరోనా వచ్చి సెలూన్ మూసేశాక రోజంతా గదిలోనే ఉండేది. బస్సెక్కితే తన పక్క సీట్లు ఖాళీ అవుతున్నాయని తనే చెప్పి నవ్వేది. వారం తిరక్కుండా గదిలోవాళ్ళూ అదే పని చేశారు.

"నీది ఏ దేశం, సాఫ్‌గ చెప్పు," అని నిలదీసింది సర్వర్ బేగం.

లియెన్ పాస్‌పోర్ట్ తెచ్చి చూపించింది. "వియత్నాం. చైనా కాదు."

"వియత్నాం అంటె ఏడుంటది?"

"చైనా పక్కన."

ఆ మాటతో పాస్‌పోర్ట్ విలువ సగం పడిపోయింది. మిగతా సగం పడగొట్టింది వాసంతి. ఎందుకు నోరు విప్పిందో ఆమెకు ఇప్పటికీ తెలీదు. "మరి నీ రేకుపెట్టెలో ఎర్ర కాయితం మీద చైనా అక్షరాలున్నాయి కదా, అదేంటి?" అంది. లియెన్ ఆ చిన్న పెట్టె తెరిచినప్పుడు రెండుమూడుసార్లు కంటబడ్డ కాయితం అది.

"మా నానమ్మది," అంది లియెన్.  ఆ పూటే ఆమె పరుపు బాల్కనీలోకి వెళ్ళింది. పదకొండు రోజులు తిండీ నిద్రా అక్కడే. ఆ తర్వాత ఎక్కడికో చెప్పకుండా గది ఖాళీ చేసి పోయింది.

వాసంతిని తినేస్తున్నది ఆ ఒక్క మాటే కాదు. లియెన్ బాల్కనీలోకి మారిన మధ్యాహ్నం, మంచం శుభ్రం చేయమని సర్వర్ బేగం చెబితే, వాసంతి ఆ రేకుపెట్టె కూడా తెరిచి, లోపలున్న ప్రతి వస్తువు మీదా డెటాల్ నీళ్ళు కొట్టింది. ఎర్ర కాయితం మీద సిరా కరిగి పారింది.  గబగబా చీరకొంగుతో అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టి, మడతల ప్రకారం మడిచి, ఎప్పటిలా పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఈ గోడౌన్‌లో చూస్తే లియెన్ చైనా మనిషి. పేరు మెయ్ లియెన్ అట. ముదీర్‌తో ఆయన భాషలోనే మాట్లాడుతుంది.

"ఆమెది చైనానే గద అక్కా?" అని అడిగాడు ఆశన్న. నిజామాబాద్ దగ్గర పల్లె నుంచి వచ్చి పదేళ్ళుగా ఇక్కడ లారీ నడుపుతున్నాడు. "ముదీర్‌తోని గడగడ మాట్లాడ్తది. ఆయన ఇంకెవల్తోని నవ్వడు, ఈమెతోనే నవ్వుతడు."

"నాకేం తెలుసు బాబూ," అని వాసంతి గరిట తిప్పుతూ ఉండిపోయింది. ఈసారి నోరు జారకూడదని పళ్ళు బిగబట్టుకుంది.

ఆ మధ్యాహ్నం లియెన్ తనంతట తనే వంటగదిలోకి వచ్చింది.

"నువ్వు ఎవరికీ చెప్పలేదు," అంది.

"ఏం చెప్పాలి? నువ్వు ఏవిటో నాకే అర్థం కావట్లేదు. అప్పుడు వియత్నాం అన్నావు. ఇప్పుడు చైనా అంటున్నావు."

లియెన్ స్టూలు లాక్కుని కూర్చుంది. "అప్పుడూ అబద్ధం కాదు. ఇప్పుడూ మొత్తం అబద్ధం కాదు," అని మొదలుపెట్టింది. ఆమె ముత్తాత చైనాలోని చావ్‌జో ప్రాంతం నుంచి పడవ మీద వచ్చి, వియత్నాం దక్షిణాన సోక్ చాంగ్ అనే చోట దిగాడు. అక్కడే పెళ్ళి, అక్కడే పిల్లలు. నానమ్మ వంటింట్లో చావ్‌జో మాట మాట్లాడేది. అన్నం తిను, కాళ్ళు కడుక్కో, పొయ్యి చూడు, దణ్ణం పెట్టు. ఉద్యోగంలో చేరేనాటికి లియెన్‌కి వచ్చిన భాష అంతే, మిగతాది ముదీర్ దగ్గర పట్టుబడింది. ముదీర్‌ది కూడా చావ్‌జో వైపే కావడం ఆమె అదృష్టం. ఉద్యోగానికి వచ్చినరోజు ఆయన ఇంటిపేరు అడిగితే క్వాచ్ అని చెప్పింది. ఆయన దాన్ని వేరేగా పలికి, అక్షరం అదే కదా అని సంబరపడి, "గాగినాంగ్" అన్నాడట.

"అంటే?"

"మన వాళ్ళు అని."

"మనోళ్ళు," అంది వాసంతి తెలుగులో, తనలో తను.

"నేను కాదనలేకపోయాను. మూడేళ్ళ ముందు ఈ మొహం చూసి పొమ్మన్నారు. ఈయన ఈ మొహం చూసే రమ్మన్నాడు." లియెన్ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "కానీ నాకు ఒక్క అక్షరం కూడా చదవడం రాదు. కాయితాలకు ఫోన్ చూపిస్తే అదే చదివి పెడుతుంది. ఏ రోజు పట్టుబడతానో అని ప్రతి కాయితాన్నీ రెండుసార్లు చూపిస్తాను."

ఫోన్లో తన ఊరి బొమ్మలు చూపించింది. కాలవలు, కొబ్బరిచెట్లు, పడవలో గెలలు. రాజోలు దగ్గర లంకలో పుట్టిన వాసంతి ఆ బొమ్మల్ని పక్కకి జరుపుతూ, "ఇది మా ఊరే," అంటూ పోయింది. వెంటనే ఎర్ర కాయితం గుర్తొచ్చి ఫోన్ చేతికిచ్చేసి లేచింది. ఇప్పుడు చెప్పేస్తే అయిపోతుంది అనుకుంది. చెప్పలేదు. బియ్యం కడగాలి అంది. అప్పటికే రెండుసార్లు కడిగిన బియ్యం.

లియెన్ పట్టుబడింది ఏప్రిల్‌లో. చైనా నుంచి వచ్చిన పెట్టెల మీద ఈసారి అచ్చు అక్షరాలు లేవు, ఎవరో చేత్తో గబగబా గీకిన రాత ఉంది. ఫోన్ దాన్ని చదవలేకపోయింది. లియెన్ ఊహించి పంపింది. కల్బాలో కొత్తగా కడుతున్న మసీదుకి తెల్ల గాజు దీపాలు వెళ్ళాలి. దేరాలో ఒక హోటల్‌కి ఎర్ర గుడ్డ లాంతర్లు వెళ్ళాలి. రెండూ తారుమారయ్యాయి.

"పొద్దుగాల్నే అంత దూరం తోలుకపోయి, అందరి ముంగట పెట్టె విప్పితే ఎర్రటి గుడ్డ లాంతర్లు," అని చెప్పాడు ఆశన్న, లారీ దిగుతూనే. "ఆ మసీదు ముసలాయన మంచోడు, నవ్విండు. నాకే తల ఎక్కడ పెట్టుకోవాల్నో తెలువలె."

ముదీర్ లియెన్‌ని లోపలికి పిలిచి, ఒక పెట్టె మూత ముందు పెట్టి చదవమన్నాడు. టీ పట్టుకెళ్ళిన వాసంతి ట్రేతో గుమ్మంలోనే ఆగిపోయింది. లియెన్ ఆ మూత వైపు చాలాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది. ముదీర్ ఏదో అడిగాడు. ఆమె ఏదో చెప్పింది. ఆయన కేకలు వేయలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఇంకేదో అడిగాడు. నువ్వు ఎవరివి అని అడిగాడని వాసంతికి తర్వాత తెలిసింది.

లియెన్ సంచిలోంచి, ఎప్పుడూ వెంట ఉంచుకునే ఆ చిన్న రేకుపెట్టె తీసింది. ఎర్ర కాయితం విప్పి ఆయన ముందు పరిచింది. 

ముసలాయన వేలు పెట్టి పైనుంచి కిందికి చదువుతూ వచ్చాడు. క్వాచ్ ఇంటిపేరు ఉంది. ముత్తాత పేరు ఉంది. జిల్లా ఉంది. ఊరి పేరు దగ్గర వేలు ఆగింది. అక్కడ అక్షరం లేదు. గులాబీ రంగు మరక ఉంది. ఆ జిల్లాలో ఈ ఇంటిపేరు వాళ్ళ ఊళ్ళు చాలా ఉన్నాయి, ఊరి పేరు దొరికితే మీ వాళ్ళెవరో నేను కనుక్కునేవాణ్ణి అన్నాడు. మరక మీద వేలు తట్టి, నీళ్ళు ఎలా పడ్డాయి అని అడిగాడు. లియెన్ జవాబు చెప్పింది.

"ఏం చెప్పావు?" అంది వాసంతి, హిందీలో, గుమ్మంలోంచే.

"మా ఇంట్లోకి వరద వచ్చిందని చెప్పాను."

"వరద కాదు. నేను." ట్రే బల్ల మీద పెట్టేసింది. "నేనే డెటాల్ కొట్టాను. నువ్వు బాల్కనీలో ఉన్నప్పుడు."

ముదీర్ ఇద్దరి మొహాలూ చూశాడు. లియెన్ ఆయనకు ఆ మాట తర్జుమా చేయలేదు. "టీ చల్లారిపోతుంది, ఆయనకియ్యి," అంది అంతే.

బయటకొచ్చాక గోడ నీడలో నిలబడి చెప్పింది. "నాకు తెలుసు. ఆ కాయితం నెల రోజులు డెటాల్ వాసన కొట్టింది. నానమ్మ అగరొత్తుల వాసన పోయి ఆ వాసన పట్టుకుంది."

"అడగలేదేం మరి?"

"అడిగితే ఏం చెబుతావు? భయమేసింది అంటావు. నాకూ భయమే వేసింది వాసంతీ. ఆ పదకొండు రోజులూ బాల్కనీ అద్దంలో నన్ను నేను చూసుకుని, ఈ మొహం తీసి ఎక్కడైనా పెట్టేస్తే బాగుండును అనుకున్నాను. కాయితం చెరిగిపోయిందని చూసుకున్నరోజు, నీతో అబద్ధం ఆడను, కొంచెం తేలికపడ్డాను కూడా."

వాసంతి తిట్లకు సిద్ధపడి వచ్చింది. ఈ మాటకు కాదు. ముదీర్ లియెన్‌ని ఉద్యోగంలోంచి తీయలేదు. రోజూ మధ్యాహ్నం తన దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకోమన్నాడు. అయినా వాసంతికి కుదురు లేదు. పెట్టెల మధ్య తిరుగుతూ, "మీ నాన్నకి తెలిసుంటుంది కదా ఊరి పేరు, అడుగు," అని లియెన్ వెంటపడింది.

"మా నాన్న ఆ మాటలు ఎత్తనివ్వడు."

"అడిగి చూడు. నేను పక్కన ఉంటాను."

సెలవు రోజు మధ్యాహ్నం వంటగదిలోనే కూర్చుని వీడియో కాల్ చేశారు. తెర మీద అరవై దాటిన మనిషి, పిండి అంటిన చేతులు, వెనక పొయ్యి. సోక్ చాంగ్‌లో ఆయనకు పియా అనే తీపి రొట్టెల దుకాణం ఉంది. "తియా," అని పిలిచింది లియెన్. నాన్నా అని. ఊరి పేరు అడిగింది. ఆయన పొయ్యి వైపు తిరిగి మంట తగ్గించి వచ్చాడు. తర్వాత ఆయన ఆగకుండా మాట్లాడితే, లియెన్ ఆగి ఆగి వాసంతికి హిందీలో చెప్పింది.

ఆయనకు పదిహేడేళ్ళప్పుడు, 1978లో, వియత్నాంకి చైనాతో చెడినప్పుడు, చైనా ఇంటిపేర్లున్న ఇళ్ళ జాబితా రాయడానికి మనుషులు వచ్చారట. చిన్నాన్న కుటుంబం ఒక తెల్లవారుజామున పడవెక్కి సముద్రం మీదకి పోయింది. ఇవాళ్టికీ ఉత్తరం లేదు. ఆయన తండ్రి, అంటే లియెన్ తాత, మాత్రం కదలనన్నాడు. ఇంట్లో ఉన్న చైనా కాయితాలన్నీ పొయ్యిలో పెట్టాడు, లియెన్ నానమ్మ దాచిన ఈ ఒక్కటి తప్ప. బళ్ళో మేష్టారిని పట్టుకుని పిల్లల జాతి దగ్గర వియత్నాం వాళ్ళకి రాసినట్టే కిన్ అని రాయించాడు. వీధిలో మన మాట వినబడితే నాలుక కోస్తానన్నాడు.

"ఆ రోజు నుంచి నేను నోరు కట్టుకున్నాను," అన్నాడు ఆయన. "ఇప్పుడు మీ అమ్మతో, కొనేవాళ్ళతో, దేవుడితో కూడా నాది వియత్నాం మాటే. కలలో మా అమ్మ కనబడినా ఆ మాటే మాట్లాడుతుంది. నేను వియత్నాం వాణ్ణి కాదని ఇప్పుడు ఎవరు చెప్పాలి?"

"ఎవరూ చెప్పట్లేదు, తియా."

"నువ్వు నన్ను పిలిచే ఆ మాట ఎక్కడిదో తెలుసా? మా తాత పడవలో తెచ్చింది. ఇప్పుడు ఈ కాలవ పొడవునా వియత్నాం పిల్లలు చాలామంది వాళ్ళ నాన్నల్ని అలాగే పిలుస్తారు. నేను అమ్మే రొట్టె పేరూ అంతే. ఎవరు ఎవరిలో కలిశారో నువ్వే లెక్క తేల్చుకో. ఊరి పేరు మాత్రం అడగకు. ఆ కాయితం ఎక్కడ పట్టుబడుతుందో అని మా అమ్మ ఏడాది పాటు నిద్రపోలేదు."

ఫోన్ పెట్టేశాక లియెన్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముందుకి వంగి కూర్చుంది. వాసంతి ఆమె వీపు మీద చెయ్యి వేయబోయి, ఆ హక్కు తనకుందో లేదో తెలీక, ఎదురుగా ఒక ఉల్లిపాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది.

మూడో రోజు ఆయన దగ్గర నుంచి చిన్న వాయిస్ మెసేజ్ వచ్చింది. ఒకే మాట. లియెన్ విని, మళ్ళీ విని, వాసంతి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. అది ఊరి పేరు. పలికింది వియత్నాం ఉచ్చారణతో కాదు, నానమ్మ మాటలో. నలభై అయిదేళ్ళుగా కట్టుకున్న నాన్న నోట ఆ మాట వినడం తనకు అదే మొదటిసారి అంది లియెన్.

ముదీర్ ఆ మాట విన్నాడు. తన ఊరికి ఒక పూట ప్రయాణం అన్నాడు. నాలుగు ఫోన్లు చేశాడు. వారానికి ఆ ఊరి నుంచి ఒకాయన ఒక పేజీ ఫోటో పంపాడు. వంశం పేర్లన్నీ వరసగా రాసుకున్న పుస్తకంలో పేజీ. ముత్తాత పేరు ఉంది. దాని కింద, దక్షిణ సముద్రానికి వెళ్ళాడు అని ఉంది. ఆ కింద తెల్ల కాయితమే. పేర్లు పంపితే చేర్చుకుంటామన్నారు. ఈ కాలంలో ఆడపిల్లల పేర్లూ రాస్తున్నామన్నారు. పండక్కి రమ్మన్నారు.

గోడౌన్‌లో అందరూ సంతోషించారు. ముదీర్ ఆ రోజు పనివాళ్ళందరికీ బిర్యానీ తెప్పించాడు. ఆశన్న వాసంతిని పక్కకి పిలిచి, "నువ్వు చేసిన తప్పు సాఫ్ అయిపాయె గద అక్కా," అన్నాడు. లియెన్ చెప్పిందో, వాసంతి మొహం చూసి తనే కనిపెట్టాడో. వాసంతికి మాత్రం సాఫ్ అయినట్టు లేదు. ఎందుకంటే లియెన్ మొహంలో వెలుగు లేదు. ముదీర్ కుంచె తీసి ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పమంటే రేపు అంది, మర్నాడు మళ్ళీ రేపు అంది.

"ఏవైంది నీకు? దొరికింది కదా," అని కసిరింది వాసంతి ఒకరోజు, గంజి కలుపుతూ.

"మా అన్న కొడుకు పేరు ఏ అక్షరాల్లో రాస్తారో నాకు తెలీదు. వాడికీ తెలీదు. వాడికి చైనా అంటే ఫుట్‌బాల్‌లో ఓడించాల్సిన దేశం." లియెన్ కిటికీలోంచి గోడౌన్ వైపు చూసింది. "ఇక్కడ కూర్చుని నేను వాడి పేరు రాయించేస్తే, మా తాత బళ్ళో చేసిన పనే కదా నేను చేసేది? ఆయన అడక్కుండా కిన్ అని రాయించాడు. నేను అడక్కుండా వాళ్ళని ఇంకొకటి చేయాలా?"

 ఆ ఊరి పేరు కోసం ఇన్నాళ్ళు వెంటపడింది వాసంతే. "అయితే వెళ్ళి అడుగు," అంది చివరికి. "చైనాకి కాదు. మీ ఇంటికెళ్ళు."

జూన్‌లో నానమ్మ చనిపోయిన తిథికి లియెన్ సెలవు పెట్టి వెళ్ళింది. ముదీర్ ఆ పేజీని పెద్దగా అచ్చు వేయించి, గొట్టంలా చుట్టి ఇచ్చాడు. ఆమె లేని నెల రోజులూ వాసంతి అద్దాల గదిలోని ఖాళీ కుర్చీని చూస్తూనే వంట చేసింది. ఉప్పు రెండుసార్లు పడి ఆశన్న చేత మాట పడింది. మళ్ళీ అనవసరంగా ఒకరి ఇంట్లో చెయ్యి పెట్టానా అన్న ఆలోచన ఆమెను వదల్లేదు.

లియెన్ తిరిగొచ్చిన రోజు గేటు దగ్గరే ఎదురెళ్ళింది.

"ఏవన్నారు మీ నాన్న?"

"ఆ పేజీ చూడలేదు," అంది లియెన్ పెట్టె ఈడుస్తూ. "తిథి రోజు అందరూ చూశారు. మా అన్న చూశాడు, పిల్లలు ఫోటోలు తీసుకున్నారు. మా వదిన వియత్నాం పిల్ల, ఆవిడే అందరికంటే ఎక్కువసేపు చూసింది. నాన్న మాత్రం పిండి కలుపుతూనే ఉన్నాడు. నెల రోజులూ అటు తిరగలేదు."

వాసంతి ప్రాణం ఉసూరుమంది. పెట్టె రెండో పక్క పట్టుకుంది.

"వచ్చేరోజు బస్సు దాకా దిగబెట్టడానికి వచ్చాడు. దారంతా పెట్టె తనే మోశాడు. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికొచ్చి, ఆ పుస్తకం మొత్తం ఎన్ని పేజీలుంటుంది అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"తెలీదన్నాను. ముదీర్‌ని కనుక్కుని చెబుతానన్నాను."

లోపల మధ్యాహ్నం బెల్లు మోగింది. పనివాళ్ళు కంచాలు పట్టుకుని వరస కట్టారు. ఆశన్న, "అక్కా, ఆకలైతుంది," అని కేకేశాడు. వాసంతి వంటగది వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి, "తినేసి వెళ్ళి అడుగు, ఆయన ఇప్పుడే గంజి తాగుతున్నాడు," అంది. లియెన్ ఆగలేదు. పెట్టె అక్కడే వదిలేసి అద్దాల గది వైపు నడిచింది.